గొయ్యి తవ్వితే చెరువవుతుందా?

ఢిల్లీ చుట్టుపక్కల ఎకరమో రెండెకరాలో కొన్న ప్రతివాళ్లకీ అందులో ఓ నీళ్లగుంట ఉండాలని కోరిక. ఆ గుంట ఎందుకు ఎండుతుందో, ఎప్పుడు నిండుతుందో కనుక్కుందామని బయల్దేరితే దారి మెహ్రౌలీ మీదుగా పోరుమామిళ్ల దాకా పోయింది.

మే నెల మూడో వారం. సోహ్నా దాటి పెద్దరోడ్డు వదిలి, ఆవచేలు కోసేసిన బీళ్ల మధ్య మట్టిబాటన రెండు కిలోమీటర్లు పోతే మా బావ తోట వస్తుంది. తోట అని ఆయన అంటాడు. చూసేవాడికి ఎకరం నేల, ముళ్లకంచె, రెండు గదుల ఇల్లు, నలభై నిమ్మ మొక్కలు. వాటి నడుమ నీలంరంగు ప్లాస్టిక్ పట్టా పరిచిన పెద్ద గొయ్యి. పట్టా అడుగున మోకాటి లోతు పచ్చటి నీళ్లు. నీళ్ల మీద తేలుతూ ఓ రబ్బరు చెప్పు.

మా బావది గోదావరి జిల్లా. ముప్ఫై ఏళ్లు ఢిల్లీలో సర్కారీ కొలువు చేసి, రిటైరయ్యాక వచ్చిన డబ్బులో సగం ఈ ఎకరం మీద పోశాడు. ‘‘పొద్దున్నే లేచి తలుపు తీస్తే నీళ్లు కనబడాలోయ్. చిన్నప్పుడు మా ఇంటి వెనక పంటకాలవ ఉండేది’’ అనేవాడు. ఇంటర్నెట్లో బొమ్మలు చూసి ఓ కాంట్రాక్టర్ని పట్టుకున్నాడు. ఆ కాంట్రాక్టరు జేసీబీతో రెండు రోజుల్లో గొయ్యి తవ్వి, పట్టా పరిచి, గట్టు మీద నాలుగు గులకరాళ్లు పేర్చి, బిల్లులో మాత్రం ‘లేక్’ అని రాశాడు.

పొడవు పదిహేను మీటర్లు, వెడల్పూ అంతే, లోతు రెండున్నర. అంచులు వాలుగా ఉన్నాయి కాబట్టి లెక్కకట్టి చూస్తే నిండా పడితే దాదాపు 3 లక్షల 30 వేల లీటర్లు. ఫిబ్రవరిలో గృహప్రవేశానికి ముందు పదివేల లీటర్ల ట్యాంకర్లు ముప్ఫైమూడు పోయించాడు. ఫొటోలు దిగాం. తామర దుంపలు కూడా వేశాం.

‘‘ఆ నీళ్లన్నీ ఏమయ్యాయి బావా? పట్టా చిరిగిందా?’’ అన్నాను.

మాట్లాడకుండా వేలు ఆకాశం వైపు చూపించాడు.

ఆకాశం ఖాతాలో జమా ఖర్చు

ఆయన చూపించిన వేలు తప్పు కాదు, మట్టం అంతగా దిగడానికి ఎండ ఒక్కటే కారణం కాకపోయినా. ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ వానమాపకం దగ్గర ఏడాదికి సగటున పడే వాన దాదాపు 775 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా, అదీ పట్టుమని కొన్ని రోజుల్లో కుమ్మరించి పోతుంది. ఇక్కడి ఎండకీ వడగాడ్పుకీ తెరచి ఉంచిన నీటిమట్టం మీంచి ఏడాదిలో ఆవిరయ్యేది ఒకటిన్నర మీటరుకు పైమాటే. అంటే పైనుంచి వచ్చేదానికి రెట్టింపు పైకే పోతుంది. ఇది ఇంకుడు కలపని లెక్క.

మా బావ గుంట ముఖం 225 చదరపు మీటర్లు. దాని నెత్తిన నేరుగా పడే వాన ఏడాదికి లక్షా 74 వేల లీటర్లు. ఏడాదంతా నిండుగా ఉంచాలంటే ఎండ తాగేది మూడున్నర లక్షలు దాటుతుంది. మే, జూన్లలో రోజుకి ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్లు చొప్పున మట్టం దిగుతుంది; ఈ గుంటకి అది రోజుకి రెండు వేల లీటర్ల చిల్లర. ఐదు రోజులకో ట్యాంకరు ఎండకి నైవేద్యం పెట్టాలన్నమాట.

మరి ఇంత కరువు ఖాతాతో ఈ ప్రాంతంలో వెయ్యేళ్లుగా చెరువులు ఎలా బతికాయి? జవాబు అదే ఎకరంలో ఉంది. ఎకరమంటే 4047 చదరపు మీటర్లు. దాని మీద ఏడాదికి కురిసే వాన 31 లక్షల లీటర్లు. ఇలాంటి ఇసుక కలిసిన నేలలో చాలా మట్టుకు ఇంకిపోయినా, పదిహేను ఇరవై శాతం ఒరుగుతూ పల్లానికి పారుతుందనుకుంటే నాలుగున్నర నుంచి ఆరు లక్షల లీటర్లు. గుంట నింపి, ఎండకి పెట్టి, ఇంకా మిగిలే నీరు. ఆ నీరు ప్రతి ఏడూ మా బావ నేల మీదుగానే పోతోంది. గుంటలోకి రావడం లేదు, ఎందుకంటే కాంట్రాక్టరు దాన్ని ఇంటి వరండాలోంచి బాగా కనబడే చోట తవ్వాడు. వరండాకి ఎదురుగా ఉన్నది స్థలంలోకెల్లా మెరక. పైగా తవ్విన మట్టిని చుట్టూ గట్టుగా పోశాడు. వాన నీళ్లు వచ్చి ఆ గట్టుని మర్యాదగా చుట్టిపోతాయి.

ఇది ఒక్క మా బావ సంగతి కాదు. ఛతర్‌పుర్ ఫామ్‌హౌసుల్లోనూ, గురుగ్రామ్ అవతల ‘వీకెండ్ హోమ్’ పేరుతో అమ్ముడైన ముక్కల్లోనూ నీళ్లగుంట అంటే బోరు వేసి నింపే తొట్టి. గురుగ్రామ్ జిల్లాలో భూమిలోకి చేరే నీటి కంటే తోడేది చాలా ఎక్కువని భూగర్భజల శాఖ లెక్కలు ఏటా చెబుతూనే ఉన్నాయి. అడుగున ఉన్న నీటిని కరెంటు ఖర్చుపెట్టి పైకి తెచ్చి ఎండలో ఆరబెట్టడాన్ని అలంకారం అనడానికి నాకు నోరు రావడం లేదు.

సుల్తాను పట్టుకున్న దొంగలు

పాత చెరువులు ఎలా బతికాయో చూద్దామని ఆ వారమే ఆదివారం నేను మెహ్రౌలీ వెళ్లాను. హౌజ్-ఎ-షమ్సీ అక్కడ ఉంది. బానిస వంశపు సుల్తాను ఇల్తుత్‌మిష్ 1230 ప్రాంతంలో తవ్వించిన చెరువు. చోటు చూపించింది కలలో కనిపించిన ప్రవక్త అనీ, ఆయన గుర్రపు డెక్క దిగిన చోట నీరు ఊరిందనీ కథ. కథ పక్కన పెట్టి నేల వాలు చూడండి. రాతిమెరక మీంచి జారే వానంతా చేరే చోట చెరువుంది. కలలో వచ్చినవారు ఎవరైనా సరే, పల్లం ఎటో తెలిసినవారే.

డెబ్భై ఏళ్ల తర్వాత అలావుద్దీన్ ఖిల్జీ సిరి నగరం కోసం ఇంకో పెద్ద చెరువు తవ్వించాడు. ఇవాళ హౌజ్ ఖాస్ అంటున్నది దాని తునకే. పద్నాలుగో శతాబ్దం నడిమికి ఫిరోజ్ షా తుగ్లక్ గద్దెనెక్కేసరికి రెండూ ఎండిపోయాయి. ఎందుకెండాయో ఆయన తన ఏలుబడి గురించి తానే రాసుకున్న చిన్న పుస్తకంలో, ఫుతూహాత్-ఎ-ఫిరోజ్‌షాహీలో చెప్పాడు. షమ్సీ చెరువుకి నీళ్లు తెచ్చే కాలవల్ని కొందరు అక్రమంగా కట్టేశారు. వాళ్లని శిక్షించి కాలవలు తెరిపించాడు. అలావుద్దీన్ చెరువు గర్భం పూడిపోయి, జనం అందులో సాగు చేసుకుంటున్నారు. బావులు తవ్వి నీళ్లు అమ్ముకుంటున్నారు కూడా. దాన్ని పూడిక తీయించి, పక్కనే మదరసా కట్టించాడు. శిఖం భూమి ఆక్రమణ, నీళ్ల వ్యాపారం. హైదరాబాద్ పేపర్లో ఈ వారం వార్త చదివినట్టు లేదూ!

హౌజ్ ఖాస్ కథ అక్కడితో ఆగలేదు. గత శతాబ్దంలో చుట్టూ కాలనీలు లేచాక నీళ్లు వచ్చే దారులు మూసుకుపోయి మళ్లీ ఎండింది. ఈ శతాబ్దం మొదట్లో ఇంటాక్ సంస్థ, ఢిల్లీ అభివృద్ధి సంస్థ కలిసి వసంత్ కుంజ్ మురుగు శుద్ధి కేంద్రం నీటిని సంజయ్ వన్ మీదుగా దానికి మళ్లించాయి. సుల్తానుల కాలంలో వాన తాగిన చెరువు ఇప్పుడు మనం వాడి వదిలిన నీళ్లు తాగి బతుకుతోంది. వేసవిలో నాచు పట్టి ముదురు పచ్చగా మారడం అందుకే.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం షమ్సీ చెరువుకి కాస్త దిగువనున్న ఝర్నా. చెరువు నిండి పొంగితే మిగులు నీరు జారే పల్లం అది. 1700 ప్రాంతంలో ఘాజీయుద్దీన్ ఫిరోజ్ జంగ్ అనే ఉమరావు అక్కడో తోట వేసి, ఆ జారే నీటినే జలపాతంగా మలిచాడు. చివరి మొఘల్ పాదుషాలు పక్కన మంటపాలు కట్టుకున్నారు. మెహ్రౌలీ పూల పండగకి ఊరంతా కదిలి వచ్చి అక్కడ స్నానాలాడేది. అంటే పాదుషాల ‘వాటర్ ఫీచర్’ అనేది అచ్చంగా మన చెరువు అలుగే. పంపు లేదు, మోటారు లేదు. చెరువు నిండిన ఏడాది జలపాతం, నిండని ఏడాది నీడపట్టున నాలుగు మెట్లు. ఇప్పుడు మెట్లున్నాయి, నీళ్లు లేవు. పై చెరువుకి వచ్చే వాలంతా ఇళ్లయిపోయింది మరి.

ఢిల్లీ దక్షిణపు అంచున అలా వెతికితే అడుగడుక్కీ ఇదే పాఠం దొరుకుతుంది. ఫరీదాబాద్ పక్కన సూరజ్‌కుండ్, పదో శతాబ్దపు తోమరుల పని, అరావళి గుట్టల వాన జారి పడే చోట అర్ధచంద్రాకారంలో మెట్లు. దానికి దగ్గర్లోనే అనంగ్‌పుర్ దగ్గర రెండు గుట్టల ఇరుకులో రాతికట్ట, ఈనాటికీ నిలబడే ఉంది. బడ్ఖల్ చెరువు చాలా కొత్తది, సాగునీటి కోసం 1947లో కట్టారు. మా బావ ఉద్యోగంలో చేరిన కొత్తలో అందులో పడవ ఎక్కానని చెబుతాడు. ఎగువ అరావళిలో రాళ్ల క్వారీలు తవ్వి నీటిదారులు తెగ్గొట్టాక ఆ చెరువు ఈ శతాబ్దం మొదట్లోనే బీడైంది. కట్ట చెక్కుచెదరలేదు. వచ్చే నీరే లేకుండా పోయింది.

రాతి మీద రాసిన ఆరు దోషాలు

మన వైపు ఈ విషయాన్ని రాతి మీదే చెక్కి పెట్టారు. కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు కట్ట దగ్గర ఒక సంస్కృత శాసనం ఉంది. విజయనగరం మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, శక సంవత్సరం 1291లో, అంటే క్రీ.శ. 1369లో వేయించాడు. రోజుకి వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి నూరు బళ్లు, రెండేళ్ల పని. చెరువుకి అనంతరాజసాగరమని పేరు పెట్టారు. ఫిరోజ్ షా ఢిల్లీలో పూడికలు తీయిస్తున్న రోజులే అవి.

దాతల గొప్పలు చెప్పే శాసనాలు వందలున్నాయి. దీని ప్రత్యేకత ఏమిటంటే మంచి చెరువుకి పన్నెండు అంగాలు ఏవో, చెడగొట్టే ఆరు దోషాలు ఏవో వరసగా చెబుతుంది. జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, మూడు యోజనాల మేర పారి వచ్చే తీయటి నీటి ఏరు, దానికి ఆనుకున్న గుట్టలు, వాటి మధ్య మరీ పొడవు కాని దిట్టమైన రాతికట్ట, విశాలంగా లోతుగా ఉన్న గర్భం, దగ్గర్లో రాళ్ల గని, పని తెలిసిన మనుషులు... ఇలా నడుస్తుంది అంగాల జాబితా. పనివాళ్ల మాట చివర్న వస్తుంది.

దోషాలు ఇంకా రుచిగా ఉంటాయి. కట్టలోంచి నీరు కారడం ఒకటి. చవుడు నేల రెండు. రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం మూడు. గర్భం మధ్యలో మెరక నాలుగు. నీరు కొంచెమై తడపాల్సిన నేల ఎక్కువవడం ఐదు. నేల కొంచెమై నీరు మరీ ఎక్కువవడం ఆరు.

ఢిల్లీలో ఉండేవాడికి మూడో దోషం దగ్గర నవ్వొస్తుంది. నజఫ్‌గఢ్ జీల్ అలాంటిదే. ఒకప్పటి సాహిబీ నది నీళ్లు పరుచుకునే విశాలమైన పల్లం, సగం ఢిల్లీ, సగం హర్యానా. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ కాలవ వెడల్పు చేసి యమునలోకి వదిలేస్తూ వచ్చారు. మిగిలిన తడినేల ఎవరిది, ఎంత మేర కాపాడాలి అన్న పేచీ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఒకే నీటికి రెండు ప్రభుత్వాలూ విడివిడిగా ప్రణాళికలు తయారుచేసుకోవాల్సి వచ్చింది. వలస పక్షులు మాత్రం ఏ రాష్ట్రంలో దిగుతున్నామో చూసుకోకుండా చలికాలం వస్తూనే ఉన్నాయి.

కొన్న ముక్కలో గుంట కావాలనుకునేవాళ్లు ఎవరైనా సరే ఈ ఆరింటినీ ఓ కాగితం మీద రాసుకుని స్థలం చుట్టూ నడిస్తే చాలు, సగం డబ్బు మిగులుతుంది. మా బావ గుంటకి ఐదో దోషం పట్టింది. పారి వచ్చే నీరు నిండు సున్నా, నింపాల్సిన గొయ్యి మూడు లక్షల లీటర్లు.

అల్వర్ ముసలాయన చెప్పిన పని

జాతీయ రాజధాని ప్రాంతం పటంలో రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లా కూడా ఉంది. చాలామందికి గుర్తుండదు. 1985లో రాజేంద్ర సింగ్, ఆయన మిత్రులు తరుణ్ భారత్ సంఘ్ తరఫున అక్కడి ఊళ్లలో బడులు, వైద్యం మొదలుపెడదామని వచ్చారు. గోపాల్‌పురా ఊళ్లో ఓ ముసలాయన వాళ్లతో మాకు కావాల్సింది నీళ్లు, పలుగూ పారా పట్టండి అన్నాడు. పూడిపోయిన జోహడ్ తవ్వడంతో మొదలైంది పని. జోహడ్ అంటే వాలుకి అడ్డంగా నెలవంక ఆకారంలో వేసే మట్టికట్ట. చూడటానికి ఏమంత అందంగా ఉండదు. వేసవికల్లా ఎండినా ఎవరూ బాధపడరు, ఎందుకంటే దాని నీళ్లు అప్పటికే దిగువ బావుల్లోకి చేరి ఉంటాయి. తర్వాతి పదేళ్లలో అర్వరీ నది పరీవాహకంలో వందల జోహడ్లు లేచాయి, వానాకాలం దాటితే ఎండే అర్వరీ ఏడాది పొడుగునా పారింది. 2001లో రాజేంద్ర సింగ్‌కి మెగసెసే అవార్డు వచ్చింది.

ఆ పనికి మాటలు ఇచ్చింది ఢిల్లీలోనే, గాంధీ శాంతి ప్రతిష్ఠాన్‌లో పనిచేసిన అనుపమ్ మిశ్ర. ఆయన హిందీ పుస్తకం ‘ఆజ్ భీ ఖరే హైఁ తాలాబ్’ 1993లో వచ్చింది. హక్కులు ఎవరికీ పరిమితం చేయలేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అందులో చెరువు అంగాలకి ఆ నేల మాటలుంటాయి. నీరు నిలిచే గర్భం ఆగర్, కట్ట పాల్, మిగులు నీరు పోయే చోటు నేష్టా. నీరు ఒరిగి వచ్చే నేలంతా ఆగోర్. గర్భం, కట్ట, అలుగు, మత్తడి అని మనకీ ఉన్నాయి. ఆగోర్ దగ్గర మాత్రం నా నాలుకకి ‘పరీవాహక ప్రాంతం’ అన్న ఆఫీసు మాటే తగిలింది. మా అమ్మమ్మ అయితే ‘నీళ్లు దిగే జాగా’ అనేది. ఆగోర్‌లోకి చెప్పులతో వెళ్లకపోవడం, దాన్ని పాడుచేయకపోవడం రాజస్థాన్ ఊళ్లలో కట్టుబాటు. అది చెరువులో భాగం, తడవని భాగం.

అసలు పని

సరే, సోహ్నా పక్కనైనా, జేవర్ దగ్గరైనా, ఝజ్జర్ వైపైనా ఎకరం ఉంది. ఏం చేయాలి?

ముందు ఒక వానాకాలం ఏమీ చేయకూడదు. ఇది ఎవరికీ నచ్చని సలహా. వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని నడవాలి, నీరు ఎటు పోతోందో అక్కడ కర్ర గుచ్చాలి. రెండు మూడు పెద్ద వానల తర్వాత కర్రలన్నీ ఏ మూలకి చూపిస్తే అదే చోటు. వరండా ఎదురుగా కావాలంటే వరండాని అటు కట్టుకోవాలి.

తర్వాత మట్టి. యమున ఒడ్డు ఖాదర్ నేలలు ఇసుక, నీరు నిలవదు. దానికి పైన బాంగర్ పాత ఒండ్రు, కంకర కలిసిన బంకమట్టి, ఇది కొంత నయం. నజఫ్‌గఢ్, నూహ్ వైపు భూగర్భజలం ఉప్పన, పోరుమామిళ్ల శాసనం చెప్పిన రెండో దోషానికి దగ్గరి చుట్టం. అరావళి పాదాల దగ్గర రాతి పగుళ్లు ఎక్కడ నీళ్లు మింగుతాయో చెప్పలేం. పరీక్షకి ల్యాబ్ అక్కర్లేదు. రెండడుగుల లోతున తీసిన మట్టిని తడిపి పిసికి చేతివేళ్ల మధ్య నలిపితే రిబ్బనులా సాగుతుందా, విరిగిపోతుందా? ఒక గజం గొయ్యి తీసి సాయంత్రం నింపితే పొద్దుటికి ఎంత మిగిలింది?

నీరు ఆగకపోతే ప్లాస్టిక్ ఒక్కటే దారి కాదు. బంకమట్టి తెచ్చి అడుగున జానెడు మందం పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ తడిపి కొట్టాలి. వరిమడి దమ్ము చేసినట్టు తొక్కించాలి. గోదావరి వాడికి ఇది వేరే చెప్పనక్కర్లేదు; దమ్ము చేసిన మడిలో నీరెందుకు నిలుస్తుందో వాడికి కాళ్లతో తెలుసు. హర్యానా ఊరి చెరువుల్లో ఈ పని బర్రెలే చేస్తాయి. మధ్యాహ్నమంతా దిగి పొర్లి పొర్లి అడుగుని మెత్తగా మూసేస్తాయి. చెరువు పాడవుతుందని బర్రెల్ని తరిమేసిన ఊళ్లలో నీళ్లు త్వరగా ఇంకాయని రైతులు చెప్పడం విన్నాను.

లోతు చూసుకోవాలి. వెడల్పు ఎక్కువై లోతు తక్కువైతే ఎండ పండగ చేసుకుంటుంది. రెండున్నర నుంచి మూడు మీటర్లుంటే మే దాకా కొంత నిలుస్తుంది. కానీ పిల్లలున్న ఇంట్లో అంచు ఒక్కసారిగా దిగకూడదు, మీటరున్నర వెడల్పున మోకాలి లోతు మెట్టు ఒకటి చుట్టూ ఉండాలి. ఆసోలా భట్టీ దగ్గర పాత గనుల గోతుల్లో నిలిచిన నీలి నీళ్లు ఎంత అందమో అంత ప్రాణాంతకం, కారణం ఆ నిటారు అంచులే. నీరు లోపలికి వచ్చే చోట చిన్న మట్టిగుంట, బురద అందులో ఆగేందుకు. నీరు బయటికి పోయే చోట రాళ్లు పేర్చిన అలుగు, గట్టు తల కంటే అర మీటరు కిందికి. అలుగు లేని కట్ట ఒక్క రాత్రి వానకి తెగుతుంది. ఇంటి పైకప్పు నీళ్లు పైపులో దింపి కలిపితే 80 చదరపు మీటర్ల కప్పు నుంచే ఏడాదికి ఐదు ట్యాంకర్లు.

వంటింటి నీళ్లు కూడా పనికొస్తాయి, నేరుగా కాదు. వసంత్ కుంజ్ దగ్గర నీలా హౌజ్‌లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం చూపించింది అదే. కామన్వెల్త్ క్రీడల వంతెన పనుల్లో సగం పూడి, మురుగు చేరిన ఆ చెరువు ముందు రాళ్ల వరసలు పేర్చి, వాటిలో జమ్ము, రెల్లు లాంటి నీటిమొక్కలు నాటి, మురుగుని వాటి గుండా నిదానంగా నడిపించారు. కరెంటు లేదు, వాలే మోటారు. తోటలో అయితే నాలుగు గజాల గులకరాళ్ల కాలవ, అందులో మెట్టతామర, జమ్ము చాలు. గుర్రపుడెక్క మాత్రం పూలు బాగున్నాయని పొరపాటున కూడా తేవద్దు.

దోమల మాట అందరూ అడుగుతారు. డెంగీ దోమ పెద్ద చెరువులో కంటే పూలకుండీలో, టైరులో పెరుగుతుంది. చేపలు, కప్పలు, తూనీగలు ఉన్న నీటిలో దోమపిల్లకి ఆట్టే ఆయుష్షు ఉండదు. ప్లాస్టిక్ అడుగున నిలిచిన మోకాటి లోతు నీళ్లే అసలు ప్రమాదం. మా బావకి మొదటి జ్వరం వచ్చాకే ఆ సంగతి తెలిసింది.

చట్టం కూడా చూసుకోవాలి. అరావళి పక్క నేల అయితే 1900 నాటి పంజాబ్ భూసంరక్షణ చట్టం, 1992 మే 7 నాటి అరావళి నోటిఫికేషన్ అడ్డొస్తాయి. కొన్నిచోట్ల జేసీబీ దింపడమే నేరం. యమున వరద నేలలో నోయిడా పక్కన ‘నది వ్యూ’ ఫామ్‌హౌసులు 2022లో కూలగొట్టారు. మిగిలిన వాటి కథ 2023 జులై 13న యమున పాత రైలు వంతెన దగ్గర 208.66 మీటర్లకి లేచినప్పుడు తేలింది. నది తన స్థలం కొలుచుకుంది.

ఊరి గుంట

ఒక మాట చెప్పకపోతే ఈ కథనం ఫామ్‌హౌసుల వాళ్లకి పాఠంగానే మిగులుతుంది. కేంద్రం 2023లో విడుదల చేసిన మొదటి జలవనరుల గణనలో ఢిల్లీకి వచ్చిన అంకె 893. ఆంధ్రప్రదేశ్‌కి లక్షా 90 వేల పైచిలుకు, తెలంగాణకి 64 వేలు. ఢిల్లీ చుట్టూ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఓ జోహడ్ ఉండేది, ఇప్పుడది చెత్తకుప్ప, లేదా మురుగు గుంట, లేదా ఓ ‘కమ్యూనిటీ సెంటర్’. అలా ఆక్రమించిన ఉమ్మడి చెరువుల్ని ఖాళీ చేయించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. గ్రేటర్ నోయిడా పల్లెల్లో పుట్టిన రామ్‌వీర్ తన్వర్ ఇంజినీరు ఉద్యోగం వదిలి, జల చౌపాల్ పేరుతో ఊరివాళ్లని కూర్చోబెట్టి, చెత్త తీయించి, మురుగు వచ్చే చోట వడపోతలు పెట్టి చెరువుల్ని తేరుస్తున్నాడు. తన ఎకరంలో గుంట తవ్వించే స్తోమత ఉన్నవాడు ఊరి గుంట వైపు ఒకసారి వెళ్లి చూస్తే బాగుంటుంది. మా బావని తీసుకెళ్లాను. ముక్కు మూసుకుని ఐదు నిమిషాలు నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు ఏమీ మాట్లాడలేదు.

జులై రెండో వారంలో పెద్ద వాన పడింది. నేను చెప్పినట్టే గొడుగేసుకుని, నిమ్మకొమ్మలు విరిచి పట్టుకుని బావ పొలమంతా తిరిగాడు. నీళ్లు మెరక మీద గుంటని చుట్టి, ఇంటి వెనక నుంచి, ఈశాన్యం మూల కంచె దగ్గర చేరి, ముళ్లతీగ కిందుగా పక్క సజ్జచేలోకి దూరుతున్నాయి. కర్రలన్నీ అటే చూపిస్తున్నాయి. అసలు పల్లం కంచెకి ఇటు పది అడుగులు, అటు ఇరవై.

అటుపక్క రైతు, ఊరంతా తావూ అని పిలిచే ముసలాయన, గోనెసంచి నెత్తిన కప్పుకుని గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ‘‘ఏం వెతుకుతున్నారు బాబూజీ?’’ అన్నాడు.

‘‘చెరువు చోటు కోసం తావూజీ.’’

‘‘నన్నడిగితే చెప్పేవాణ్ని కదా. మీరు నిలబడ్డ చోటే ఉండేది. మా నాన్న కాలంలో చిన్న జోహడీ. నేనే పూడ్చి కలుపుకున్నాను.’’

మా బావ నా వైపు తిరిగాడు. ‘‘ఏమోయ్, ఆ శాసనంలో మూడో దోషం ఏంటన్నావ్?’’

‘‘రెండు రాజ్యాల సరిహద్దు.’’

హిందీలో దాన్ని తావూకి విప్పి చెప్పాడు. ముసలాయన సంచి సర్దుకుంటూ చాలాసేపు నవ్వాడు. తర్వాత ఆ రాజు జేసీబీ డీజిలు ఎవరి వాటా కింద రాశాడని అడిగాడు.